"పుట్టగొడుగులు అంతరించవు, ఆ ఖాళీ గడ్డి నేలల్లో చెట్లు నాటండి" అనే వాదనకి జవాబు

పుట్టగొడుగులు ప్రమాదంలో ఉన్నాయని ఎక్కడ వార్త వచ్చినా దాని కిందే ఈ వాదన ప్రత్యక్షమవుతోంది. మొదట ఎవరు రాశారో గానీ ఇప్పటికి చాలామంది షేర్ చేసేశారు, మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: పుట్టగొడుగుల స్పోర్లు (విత్తనాల్లా పనిచేసే సన్నటి రేణువులు) గాల్లో అంతటా ఉంటాయి కాబట్టి అవి అంతరించే ప్రశ్నే లేదు. గడ్డి పచ్చగా ఒత్తుగా ఉంటే అంతా బాగున్నట్టే, ఎరువు వేస్తే ఫంగస్‌కీ మంచిదే. ఎక్కడైనా తగ్గాయంటే కోసుకుపోయేవాళ్ల వల్లే. ఆ ఖాళీ గడ్డి నేలల్లోంచి గొర్రెల్ని తోలేసి అలా వదిలేయాలి, వీలైతే చెట్లు నాటాలి, కార్బన్ సమస్య కూడా తగ్గుతుంది. అరుదు అరుదు అన్నవి తర్వాత వెతికితే బోలెడు దొరికాయి కాబట్టి రెడ్ లిస్టంతా (ముప్పులో ఉన్న జీవుల ప్రపంచ జాబితా) హడావిడి. మరీ కాదంటే ల్యాబ్‌లో పెంచి మళ్లీ నాటుకుంటాం.

మొత్తం ఆరు మాటలు. ఒక్కోదాంట్లో కాస్త నిజం ఉంది, అందుకే చదివితే సబబుగానే అనిపిస్తుంది, ఆ కాస్త నిజం ఎంతవరకో చూద్దాం.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి, సగం గొడవ ఇక్కడే ఉంది. పేడ మీద, పాత దుంగల మీద, ఎండాకుల మీద మొలిచేవాటి గురించి కాదు ఈ గొడవ. యూరప్‌లో, ముఖ్యంగా బ్రిటన్, అందులోనూ వేల్స్‌లో, తరతరాలుగా దున్నకుండా, ఎరువు వేయకుండా, పశువులు మేసో కొడవలి పడో పొట్టిగా ఉండిపోయిన పాత గడ్డి నేలలు కొన్ని ఉన్నాయి. సెప్టెంబర్ నుంచి చలి ముదిరేదాకా వాటిలో ఒక గుంపు పుట్టగొడుగులు బయటికొస్తాయి. వాటిలో పేరున్నవి వ్యాక్స్‌క్యాప్‌లు, పైన మైనం పూసినట్టు ఉంటాయి, ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ, పారట్ వ్యాక్స్‌క్యాప్ అయితే ఏకంగా ఆకుపచ్చ. (వీటిలో చాలావాటి రంగు బీట్‌రూట్‌కి రంగునిచ్చే బీటాలెయిన్ల కుటుంబానిదే, నాకు ఇది భలే నచ్చిన విషయం, వాదనకి సంబంధం లేకపోయినా చెప్పేశా.) వాటితోపాటు సన్నటి వేళ్లలా పైకి లేచే ఫెయిరీ క్లబ్బులు, గులాబీ రంగు మడతలుండే పింక్‌గిల్స్, నల్లటి నాలుకల్లా ఉండే ఎర్త్‌టంగ్‌లు, డెర్మోలోమాలు. ఈ ఐదు గుంపుల శాస్త్రీయ నామాల మొదటి అక్షరాలు కలిపి సీహెచ్ఈజీడీ అని పిలుస్తారు, ఒక గడ్డి నేల ఎంత పాతది, ఎంత చెడకుండా ఉంది అనేదానికి ఈ గుంపు జాతుల్ని లెక్కపెట్టడమే కొలత. డెన్మార్క్‌లో ఎరిక్ రాల్డ్ 1985లోనే వ్యాక్స్‌క్యాప్ జాతుల లెక్కతో గడ్డి నేలలకి గ్రేడింగ్ ఇచ్చే పద్ధతి పెట్టాడు, తర్వాత బ్రిటన్ వాళ్లు మిగతా గుంపుల్ని కలిపారు.

ఇక మొదటి మాట, స్పోర్లు అంతటా ఉంటాయి అన్నది.

ఒక్కో పుట్టగొడుగు లక్షలు, కోట్లలో స్పోర్లు వదుల్తుంది, నిజం. అవి గాల్లో చాలా దూరం వెళ్లగలవు, అదీ నిజమే. కానీ వెళ్లగలగడం వేరు, వెళ్లడం వేరు. 2011లో వచ్చిన ఒక స్టడీలో అడవి పుట్టగొడుగుల స్పోర్లు ఎక్కడ పడుతున్నాయో కొలిచి చూస్తే 95 శాతం ఆ టోపీ నుంచి ఒక్క మీటరు లోపలే పడ్డాయి. మిగిలిన ఐదు శాతం కూడా కోట్ల లెక్కలో తక్కువేం కాదు, ఒప్పుకుంటా, అవి ఎక్కడెక్కడికో చేరతాయి కూడా. అయితే చేరిన చోట ఏముంది అన్నది అసలు ప్రశ్న. బండ మీద ఎన్ని బస్తాల విత్తనాలు చల్లితే ఏం లాభం? వ్యాక్స్‌క్యాప్ స్పోరుకి సత్తువ తక్కువ నేల కావాలి, చుట్టూ సరైన మొక్కల వేర్లు కావాలి, దున్నని మట్టి కావాలి, ఆ మట్టి అలా ఏళ్ల తరబడి కదలకుండా ఉండాలి. అలాంటి చోట్లు తగ్గిపోతుంటే స్పోర్ల లెక్క ఎంతున్నా ఒకటే.

ఇక్కడ వాదించేవాళ్ల వైపు నిలబడే ఉదాహరణ నేనే చెప్తా. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో లానిషెన్ రిజర్వాయర్ ఉంది, 1880ల్లో కట్టింది. దాని కట్టలు మనుషులు మట్టి పోసి కట్టినవే, ఆదికాలం నాటి నేల ఏం కాదు. ఆ కట్టల మీద గడ్డిని కోస్తూ వచ్చారు, ఎరువు వేయలేదు, దున్నే ప్రశ్నే లేదు, అంతే, ఇవాళ ఆ కట్టలు గడ్డి నేల పుట్టగొడుగుల కోసమే చట్టరీత్యా రక్షిత స్థలం, పక్కనున్న లిస్వేన్ రిజర్వాయర్ కట్టలతో కలిపి. అంటే ఇవి కొత్త చోటికి రాగలవు, రావని ఎవరూ అనలేదు. కానీ ఎంత కాలం పట్టిందో చూడండి, మధ్యలో ఒక్క ఏడాది కూడా ఎవరూ అక్కడ "ఇంప్రూవ్‌మెంట్" చేయకుండా ఉంటే వంద ఏళ్ల పైచిలుకు. పైగా అప్పట్లో చుట్టుపక్కల పాత గడ్డి నేలలు ఇప్పటికంటే చాలా ఎక్కువ, స్పోర్లు వచ్చేది అక్కడినుంచే. ఇవాళ దున్నేసిన పొలానికి అదే జరగాలంటే అన్నేళ్లు ఎవరు ఆగుతారు, ఆగినా స్పోర్లు ఎక్కడినుంచి రావాలి?

రెండోది, గడ్డి పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టే, ఎరువు ఫంగస్‌కీ మంచిదే అన్నది. నా ఉద్దేశంలో ఆరింటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే చూడ్డానికి తప్పులా కనిపించదు. ఎరువు వేసిన గడ్డి నిజంగానే పచ్చగా, ఒత్తుగా, కంటికి ఇంపుగా ఉంటుంది మరి.

పుట్టగొడుగులు అనగానే మనకి పేడ, కంపోస్టు, కుళ్లిన చెత్త గుర్తొస్తాయి, కాబట్టి సత్తువ పెంచితే అవీ పెరుగుతాయనుకుంటాం. వ్యాక్స్‌క్యాప్‌ల తీరు అది కాదు. వాటి ఒంట్లో ఉన్న నైట్రోజన్, కార్బన్ ఐసోటోపుల్ని (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని) కొలిచినప్పుడు శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు, నైట్రోజన్-15 మామూలుగా పుట్టగొడుగుల్లో కనిపించేదానికంటే చాలా ఎక్కువ, కార్బన్-13 తక్కువ, కుళ్లిన చెత్తని తిని బతికే ఫంగస్‌కి ఉండే లెక్క కాదు అది. తర్వాత 2013లో అబెరిస్ట్‌విత్ యూనివర్సిటీకి చెందిన గ్యారెత్ గ్రిఫిత్ కూడా ఉన్న ఒక బృందం వ్యాక్స్‌క్యాప్ తంతువులు బతికున్న మొక్కల వేర్లలోకి వెళ్లి ఉంటున్నాయని చూపించింది. ఆ మరుసటి ఏడాది ఇంకో బృందం స్నోయీ వ్యాక్స్‌క్యాప్ అనే తెల్ల రకం ప్లాంటాగో లాన్సియొలేటా అనే మామూలు గడ్డి నేల మొక్క లోపల నివాసం ఉంటోందని చెప్పింది. అంటే వీటి బతుకు ఆ నేలలో ఉన్న మొక్కలతో ముడిపడి ఉంది, మనం గుమ్మరించే యూరియాతో కాదు.

ఎరువు పడితే ఏం జరుగుతుంది? కొన్ని రకాల గడ్డి మాత్రం విపరీతంగా ఎదిగి మిగతా చిన్న మొక్కల్ని కప్పేస్తుంది. కింద నాచు పోతుంది, వేర్లలో ఎవరెవరు ఉంటారన్నది మారిపోతుంది, పుట్టగొడుగు పైకి రావడానికి చోటు కూడా ఉండదు. మొక్కల సంగతి తెలియాలంటే ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ దగ్గర పార్క్ గ్రాస్ ప్రయోగం ఉంది, 1856లో మొదలుపెట్టారు, ఇంకా నడుస్తోంది! ఒకే పచ్చిక బయలుని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో ఎరువు. ఏమీ వేయని ముక్కల్లో 40 దాకా మొక్కల జాతులు ఉంటే, అమోనియం ఎరువు బాగా దట్టించిన కొన్ని ముక్కల్లో రెండు మూడు మిగిలాయి. ఆ రెండు మూడు జాతుల ముక్క దూరం నుంచి చూస్తే చక్కగా పచ్చగానే ఉంటుందండీ, అదే నేను చెప్పేది.

సున్నం చల్లినా దెబ్బే, నేల ఆమ్లత మారిపోతుంది. భాస్వరం ఎరువు ఇంకో తలనొప్పి, నైట్రోజన్ అయితే కొన్నేళ్లకి కొట్టుకుపోతుంది గానీ భాస్వరం మట్టిని పట్టుకుని దశాబ్దాలు ఉండిపోతుంది. రైతు ఇవాళ ఎరువు మానేసినా తాత వేసిన భాస్వరం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. అసలు ఎరువే వేయని నేల మీద కూడా గాల్లోంచి పడుతుంది, పశువుల షెడ్ల నుంచి వచ్చే అమోనియా, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు వానతో కిందికి దిగుతాయి. 2025 మార్చిలో ఐయూసీఎన్ (రెడ్ లిస్టు తయారుచేసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) చెప్పిన లెక్కలో ఎరువుల నుంచి, ఇంజిన్ల నుంచి వచ్చే నైట్రోజన్, అమోనియా వల్ల ముప్పులో ఉన్న ఫంగస్ జాతులు 91, ఉదాహరణగా వాళ్లు పేరు పెట్టి చెప్పింది ఫైబ్రస్ వ్యాక్స్‌క్యాప్‌నే, యూరప్ పాత పచ్చిక బయళ్లలో ఉండేది.

నాగలి సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఒక్కసారి దున్నితే నేల కింద అల్లుకున్న తంతువుల వల మొత్తం ముక్కలు. రెండో ప్రపంచయుద్ధంలో తిండి కోసం బ్రిటన్‌లో గడ్డి నేలల్ని పెద్ద ఎత్తున దున్నించారు, యుద్ధం అయ్యాక కూడా దిగుబడి పెంచమని ప్రభుత్వమే డబ్బులిచ్చింది, అప్పటి పరిస్థితికి వాళ్లని తప్పుపట్టలేం కూడా. ఫలితం మాత్రం ఇది, ఇంగ్లండ్, వేల్స్ మైదాన ప్రాంతాల్లో సహజంగా మిగిలున్న గడ్డి నేలల్లో 1930ల నుంచి 1984 మధ్య 97 శాతం పోయాయి. ఈ లెక్క మొక్కల కోణంలో చేసింది, పుట్టగొడుగుల నేలలు సరిగ్గా అవే అని కాదు, కొండ వాలుల మీద కొన్ని తప్పించుకున్నాయి. అయినా దున్నడం, ఎరువు వేయడం అనే కారణాలు రెండింటికీ ఒకటే కదా.

మూడోది, కోసుకుపోయేవాళ్లదే తప్పు అన్నది. దీనికి ఎక్కువ టైం పెట్టను. స్విట్జర్లాండ్‌లో అడవి పుట్టగొడుగుల మీద 1975 నుంచి 2003 దాకా ఒకచోట కోస్తూ, ఇంకోచోట కోయకుండా పోల్చి చూశారు, కోయడం వల్ల తర్వాతి ఏళ్ల కాపు తగ్గలేదు, తొక్కడం వల్ల మాత్రం ఆ ఏడాది మొలిచేవి తగ్గాయి. అది అడవి, ఇది గడ్డి నేల, కాబట్టి గుడ్డిగా ఇక్కడికి మోయను, అరుదైనవాటిని పీకమని కూడా చెప్పట్లేదు, చూసి ఫోటో తీసుకుంటే సరిపోయేదానికి పీకడం దేనికి? కానీ పైకి కనిపించేది స్పోర్లు వదలడానికి వచ్చిన భాగమే, అసలు ఫంగస్ మట్టిలో ఉంటుంది. బుట్ట పట్టుకుని వచ్చిన మనిషి మట్టిలో దాన్ని ఏం చేయలేడు, ట్రాక్టర్ ఒక్క పూటలో చేసేస్తుంది. తప్పంతా బుట్టవాడి మీద తోసేస్తే అందరికీ హాయి, ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు.

నాలుగోది, గొర్రెల్ని తోలేసి వదిలేయండి, చెట్లు నాటండి. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు ప్రకృతి మీద ప్రేమతోనే చెప్తున్నారు, శత్రువులు కాదు.

ముందు వదిలేయడం గురించి. మేత ఆగిపోతే మొదటి ఏడాది గడ్డి మోకాలెత్తు అవుతుంది, అది కోయకపోతే చచ్చి అక్కడే పడి మందంగా పరుచుకుంటుంది, తర్వాత ముళ్ల పొదలు, ఫెర్న్‌లు, ఆ తర్వాత చిన్న చెట్లు. వ్యాక్స్‌క్యాప్‌లు ఆ మందమైన గడ్డిలోంచి పైకి రాలేవు. నేల కింద తంతువులు కొంతకాలం ప్రాణాలు పట్టుకుని ఉంటాయి, అందుకే కొన్నేళ్ల తర్వాత మళ్లీ మేత పెడితే తిరిగి కనిపించిన చోట్లు ఉన్నాయి, కానీ ఆ గడువు ఎప్పటికీ ఉండదు. అంటే ఈ జాతులకి మనిషీ పశువూ తోడుండాలి, యూరప్‌లో ఇది వేల ఏళ్ల మేతతో తయారైన వ్యవస్థ. గొర్రెలు ఎక్కువై కొండలు బోడిగా అయ్యాయని బ్రిటన్‌లో పెద్ద చర్చే ఉంది, అందులో న్యాయం కూడా ఉంది, పూల మొక్కలకి బాగా కురచగా మేసేయడం మంచిది కాదు. విచిత్రం ఏంటంటే పూల లెక్కలో సున్నా అనిపించే, గొర్రెలు గీకేసినట్టు మేసిన కొండ వాలు మీద కూడా వ్యాక్స్‌క్యాప్‌లు దండిగా ఉండొచ్చు, ఎరువు పడనంత వరకు. ఒకరికి మంచిది ఇంకొకరికి కాదు, కాబట్టి "మేత ఆపేయండి" అని దేశమంతటికీ ఒకే మందు రాయలేం.

సరిగ్గా ఇక్కడే చెట్ల ప్రమాదం మొదలవుతుంది. బ్రిటన్‌లో 2025 నాటికి ఏటా 30 వేల హెక్టార్లలో కొత్త చెట్లు నాటాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మంచిదే, కానీ ఎక్కడ నాటతారు? మంచి పంట పొలం ఎవరూ ఇవ్వరు. ఎవరికీ పనికిరాని, ఎరువు పడని, దిగుబడి లేని కొండవాలు గడ్డి నేల ముందుకొస్తుంది. అంటే ఏ లక్షణాల వల్ల ఒక నేల రైతుకి దండగో సరిగ్గా అవే లక్షణాల వల్ల అది వ్యాక్స్‌క్యాప్‌లకి ఇల్లు. నాటేముందు సర్వే చేస్తారు కదా అంటారు. చేస్తారు, కానీ సర్వే అంటే ఎక్కువగా మొక్కల సర్వే, మే, జూన్, జూలైలో, పూలు ఉన్నప్పుడు. ఆ నెలల్లో వ్యాక్స్‌క్యాప్‌లు దాదాపు కనిపించవు. మొక్కల జాతులు తక్కువ ఉన్నాయి కాబట్టి "విలువ తక్కువ" అని కాగితం మీద పడిపోతుంది, అక్టోబర్‌లో అదే నేల ఎర్రగా పచ్చగా మెరిసిపోతుంది, చూసేవాడు ఉండడు. పోనీ అక్టోబర్‌లోనే వెళ్లినా ఆ ఏడాది ఎండగా ఉంటే ఏమీ మొలవకపోవచ్చు. ఈ చిక్కు తప్పించడానికే ఇప్పుడు మట్టి తీసి అందులో డీఎన్ఏ చూసే పద్ధతి వచ్చింది, సీజన్‌తో పనిలేకుండా లోపల ఎవరున్నారో తెలుస్తుంది. ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ మామూలు జనం కూడా పుట్టగొడుగుల రంగులు చూసి నమోదు చేసేలా వ్యాక్స్‌క్యాప్ వాచ్ అని నడుపుతోంది, జాతి పేరు తెలియక్కర్లేదు, ఎన్ని రంగులు కనిపించాయో చెప్తే చాలు, నాకు చాలా తెలివైన పద్ధతి అనిపించింది.

చెట్లు వేస్తే కార్బన్ లాభం కదా అనే మాటకి కూడా ఒక లెక్క ఉంది. గడ్డి నేలలో కార్బన్ ఎక్కువగా నేల కిందే ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, చెట్టులో ఉన్నది కనపడుతుంది. స్కాట్లండ్‌లో హెదర్ పొదల నేలల్లో బర్చ్, పైన్ చెట్లు నాటిన చోట్లని పరిశీలించి 2020లో ఒక స్టడీ వేశారు, నాటి 12 ఏళ్లయిన చోటా 39 ఏళ్లయిన చోటా మొత్తం కార్బన్ నిల్వ పెరగలేదు, చెట్టు పెంచుకున్నదానికి సమానంగా మట్టి పోగొట్టుకుంది. అది హెదర్ నేల, అన్ని గడ్డి నేలలకీ అదే లెక్క అని నేను అనను. కానీ "చెట్టు వేస్తే లాభమే" అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లకి ఇది చాలు. చెట్లు వద్దని కాదు బాబూ, ఎప్పుడో దున్నేసి భాస్వరం దట్టించిన పచ్చిక భూములు బోలెడున్నాయి, అక్కడ వేయండి, ఎవరికీ నష్టం లేదు.

దీని మీద ఒక తెలివైన ఎదురు ప్రశ్న కూడా చూశా, ఉత్తర అమెరికాలో వ్యాక్స్‌క్యాప్‌లు అడవుల్లోనే ఉంటాయి కదా, మరి చెట్లొస్తే ఏంటి అని. పాయింటే. ఆస్ట్రేలియాలో కూడా అంతే, సిడ్నీలోని లేన్ కోవ్ బుష్‌ల్యాండ్ పార్కులో చెట్ల కింద ఉండే వ్యాక్స్‌క్యాప్ సమూహాన్ని 2000లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం అంతరించే ప్రమాదంలో ఉన్న జీవసమాజంగా గుర్తించింది. కానీ అక్కడి అడవులు వేరు, అక్కడి జాతులు వేరు. యూరప్ గడ్డి నేలలో వందల ఏళ్లుగా స్థిరపడిన జాతుల మీద స్ప్రూస్ తోట వేసి "మీ బంధువులు అడవిలో ఉంటున్నారుగా" అంటే కుదరదు. లేన్ కోవ్‌లోనైనా కాపాడింది ఉన్న ఆవాసాన్ని ఉన్నట్టుగానే, మార్చి కాదు.

ఐదోది, అరుదన్నవి తర్వాత బోలెడు దొరికాయి, రెడ్ లిస్టంతా హడావిడి అన్నది. దీని వెనకున్న సంగతి నిజమే. గులాబీ రంగులో గౌను వేసుకున్నట్టుండే పింక్ వ్యాక్స్‌క్యాప్‌ని బ్రిటన్‌లో ఒకప్పుడు చాలా అరుదు అనుకుని ప్రాధాన్య జాతుల జాబితాలో పెట్టారు, ఆ పేరు చెప్పి జనం వెతకడం మొదలుపెట్టేసరికి పాత చర్చి ఆవరణలు, శ్మశానాలు, పాత బంగళాల లాన్లలో చాలాచోట్ల దొరికింది, తర్వాత ఆ జాబితా నుంచి తీసేశారు కూడా. అయితే ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తున్నారు. ఇన్ని చోట్ల ఉంది అనేది ఇవాళ్టి లెక్క. తగ్గుతోందా లేదా అనేది కాలం లెక్క. ఐయూసీఎన్ ఒక జాతిని "వల్నరబుల్" (అంతరించే ముప్పు ఉన్నది) అనడానికి ఉన్న దారుల్లో ఒకటి, మూడు తరాల కాలంలో దాని సంఖ్య 30 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గడం. వ్యాక్స్‌క్యాప్‌ల లాంటి వాటికి మూడు తరాలంటే దాదాపు 50 ఏళ్లుగా లెక్కేస్తారు. 50 ఏళ్లలో వాటి ఆవాసం ఎంత పోయిందో తెలిస్తే ఆ శాతం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. అందుకే పింక్ వ్యాక్స్‌క్యాప్ బ్రిటన్‌లో చాలాచోట్ల కనిపిస్తూనే ప్రపంచ రెడ్ లిస్టులో వల్నరబుల్‌గా ఉంది. క్రిమ్సన్ వ్యాక్స్‌క్యాప్, బిగ్ బ్లూ పింక్‌గిల్ కూడా అదే వరుసలో ఉన్నాయి. బ్రిటన్‌లో ఎక్కువ కనిపించడానికి ఇంకో అర్థం కూడా ఉంది, మిగతా యూరప్‌లో, ముఖ్యంగా నెదర్లాండ్స్ లాంటి చోట ఎరువుల వ్యవసాయం వల్ల ఎక్కువ పోగొట్టుకున్నారు కాబట్టి మిగిలిన వాటాలో పెద్దది బ్రిటన్‌లో ఉంది.

రెడ్ లిస్టుని సమర్థించేవాళ్లకీ ఒక మాట. 2025 మార్చి నాటికి 1,300 ఫంగస్ జాతుల్ని పరిశీలిస్తే కనీసం 411 ముప్పులో ఉన్నాయి అనే అంకెని పట్టుకుని "ఫంగస్‌లో మూడోవంతు అంతరించిపోతోంది" అని రాసేస్తున్నారు కొందరు. అలా కాదు. పేరు పెట్టిన ఫంగస్ జాతులే లక్షన్నర పైన, అందులో పరిశీలించింది ఒక శాతం కూడా కాదు, అది కూడా నిపుణులు ముందు తమకి భయం ఉన్నవాటినే తీసుకుంటారు. ఆ నిష్పత్తిని మొత్తానికి అంటగట్టడం తప్పు. కానీ ఆ తప్పుని చూపించి గడ్డి నేలల ముప్పే లేదనడం ఇంకా పెద్ద తప్పు. చట్టం సంగతి చూస్తే హడావిడి ఎక్కడుందో నాకైతే కనపడలేదు, బ్రిటన్ 1981 వన్యప్రాణి చట్టంలో పేరు పెట్టి రక్షించిన పుట్టగొడుగులు నాలుగు, అందులో వ్యాక్స్‌క్యాప్ ఒక్కటీ లేదు. మంచి గడ్డి నేల ఏదైనా రక్షిత స్థలంగా ప్రకటిస్తే దాంతోపాటు ఇవీ బతుకుతాయి, లేకపోతే లేదు.

చివరిది ల్యాబ్. వ్యాక్స్‌క్యాప్‌లని ల్యాబ్‌లో పళ్లెంలో పెంచడం ఇప్పటిదాకా ఎవరి చేతా సరిగ్గా కాలేదు, బటన్ మష్రూమ్‌లా బస్తాల్లో పండే రకం కాదు ఇవి, బతికున్న వేర్లతో సంబంధం ఉన్నవి ఒంటరిగా ఎందుకు పెరుగుతాయి? ఒకవేళ రేపు పెంచగలిగారే అనుకోండి, తీసుకెళ్లి ఎక్కడ పెడతారు, భాస్వరం నిండిన మట్టిలోనా? ఆ మట్టిలో సత్తువ తగ్గించాలంటే ఏళ్ల తరబడి గడ్డి కోసి బయటికి మోసుకుపోవాలి, లేదా పైమట్టి మొత్తం గీకి తీసేయాలి, ఆ ఖర్చుతో పోలిస్తే ఉన్న నేలని ముట్టుకోకుండా ఉంచడం దాదాపు ఉచితం. పాత లాన్లలో అయితే చేయాల్సింది మరీ తక్కువ: ఎరువు, నాచు మందు, సున్నం వేయకుండా ఉండటం, గడ్డిని కురచగా కోసి కోసింది అక్కడ వదలకుండా ఎత్తేయడం, పుట్టగొడుగులు పైకొచ్చే ఆ రెండు మూడు నెలలు మెషీన్ ఆపడం. కాబట్టి ఆ ఫార్వర్డ్ పంపేవాళ్లని నేను అడిగేది ఒకటే, "చెట్లు నాటండి" అన్న లైను ఉంచుకోండి, దానికి ముందు "అక్టోబర్, నవంబర్‌లలో ఆ నేలని ఒకసారి చూసి, మట్టి డీఎన్ఏ టెస్టు చేయించి" అని చేర్చి పంపండి.